కొంటామన్నవాళ్లు, కొన్నవాళ్లు

ప్రశ్న: నాకు ముప్ఫయి ఆరేళ్లు. హనుమకొండలో మా ఇంట్లోనే ఐదేళ్లుగా చపాట మిర్చి కారం, ఆవకాయ, మరికొన్ని పచ్చళ్లు చేసి అమ్ముతున్నాను. పోయిన ఏడాది 240 కిలోల కారం, 300 కిలోల పచ్చళ్లు అమ్మాను. 2024 జనవరిలో డబ్బాలకు కొత్త లేబుల్ వేయించాక అమ్మకాలు బాగా పెరిగాయి. ఇప్పుడు కూకట్‌పల్లిలో దుకాణం తెరవాలని ఉంది. మా మరిది ఒక గది చూశాడు. అద్దె నెలకు 28 వేలు. అడ్వాన్సు, అలమారాలు, సరుకు అన్నీ కలిపి 14 లక్షలు అవుతుంది. అందులో 9 లక్షలు అప్పు చేయాలి. మా వాట్సాప్ గ్రూపులో 60 మందిని అడిగితే 54 మంది తప్పకుండా కొంటామన్నారు. నా భర్త ఎటూ తేల్చడం లేదు, మా అత్తగారు వద్దంటున్నారు. అమ్మకాల పుస్తకం, ఖర్చుల లెక్క ఫొటోలు తీసి పంపుతున్నాను. దుకాణం పెట్టమంటారా, వద్దంటారా?
ఒక సోదరి, హనుమకొండ

సమాధానం:

అమ్మా,

ఉత్తరంతో పాటు మూడేళ్ల అమ్మకాల పుస్తకం కూడా పంపి చాలా మంచి పని చేశారు. నాకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ వాటిలో ఆశ ఉంటుంది, అంకెలు ఉండవు. మీ దగ్గర రెండూ ఉన్నాయి. రెండు సాయంత్రాలు కూర్చుని ప్రతి పేజీ చదివాను. ముందు మీరడిగినదానికి జవాబు: ఆ గదికి ఇప్పుడు అడ్వాన్సు ఇవ్వకండి. మీ సరుకులో లోపముందని కాదు, హైదరాబాద్ ఆలోచనే తప్పని కూడా కాదు. ఆ గది నిలబడాలంటే ఏమేమి నిజం కావాలో మీరింకా విచారించలేదు. ఎవరిని అడగాలో, ఏమి అడగాలో చెప్పడానికే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

మొదట గది లెక్క. మీరు రాసిన ఖర్చులనే తీసుకుంటాను. అద్దె 28,000. దుకాణంలో కూర్చునే అమ్మాయికి జీతం 14,000. కరెంటుకు 4,000. హనుమకొండ నుంచి సరుకు చేరవేయడానికి 6,000. 9 లక్షల అప్పుకు 11 శాతం వడ్డీ మీద ఐదేళ్ల వాయిదా నెలకు సుమారు 19,570. అన్నీ కలిపితే 71,570 రూపాయలు. కారమైనా పచ్చడైనా కిలో మీద 120 రూపాయలు మిగులుతుందని రాశారు. అంటే నెలకు దాదాపు 600 కిలోలు అమ్మితేనే ఆ గది ఖర్చులు ఆ గదికి వస్తాయి. అప్పటికి మీ చేతికి రూపాయి కూడా రాదు. రోజుకు 20 కిలోలు. పోయిన ఏడాది మీరు అమ్మింది సగటున నెలకు 45 కిలోలు. అమ్మకం పదమూడు రెట్లు పెరగాలి, అదీ అద్దె కట్టే మొదటి నెల నుంచే.

ఇప్పుడు ఆ 54 మంది దగ్గరికి వద్దాం. వాళ్లు అబద్ధం చెప్పారని నేననడం లేదు. ప్రతి ఒక్కరూ మాట నిలబెట్టుకుని నెలకు కిలో చొప్పున కొన్నారనే అనుకోండి. 54 కిలోలు. మిగిలిన 546 కిలోలు మీ ముఖం చూడనివాళ్లు, మీ అత్తగారి చేతి ఆవకాయ గురించి విననివాళ్లు, ఆ వీధిలో నడుస్తూ మీ బోర్డు చూసి లోపలికి వచ్చినవాళ్లు కొనాలి. కాబట్టి దుకాణం భవిష్యత్తు తేల్చేది ఆ 54 మంది కాదు. తేల్చేవాళ్లలో ఒక్కరినీ మీరు అడగలేదు.

ఎక్కువ మందిని అడిగితే చాలు, నిజం తేలుతుందని మనకొక నమ్మకం. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగి వచ్చాయి. వాటిని లెక్కపెట్టి లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. తీరా చూస్తే రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలుచుకున్నాడు. పత్రిక చిరునామాలు తీసుకున్నది టెలిఫోను పుస్తకాల నుంచి, కారు యజమానుల జాబితాల నుంచి. ఆర్థిక మాంద్యం నడుస్తున్న ఆ రోజుల్లో ఫోనూ కారూ ఉన్నది ఎవరికి? పైగా జవాబు రాసి పంపే ఓపిక ఉన్నవాళ్ల మాటే లెక్కకు వచ్చింది. అదే ఎన్నికలో 50 వేల మందిని మాత్రమే అడిగిన జార్జ్ గాలప్ ఫలితాన్ని సరిగ్గా చెప్పాడు. మీ వాట్సాప్ గ్రూపు మీ టెలిఫోను పుస్తకం. అందులో ఉన్నవాళ్లంతా ఇప్పటికే మీ సరుకు ఇష్టపడి చేరినవాళ్లు, మీ బంధువులు, మీ బంధువుల స్నేహితులు. మీ మనసు నొప్పించడం వాళ్లకు ఇష్టం ఉండదు. ఆరుగురు మాత్రం కొనబోమన్నారు చూడండి, నాకైతే వాళ్లతో మాట్లాడాలని ఉంది. ఎందుకు కొనరో వాళ్లను అడిగారా?

మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. వరంగల్ కొత్తవాడలో మా నాన్నగారికి జంపఖానాల దుకాణం ఉండేది. పెళ్లిళ్ల కాలంలో కరీంనగర్ వైపు నుంచి చాలామంది వచ్చి కొనేవారు. "మా ఊళ్లో ఇలాంటివి దొరకవండీ, అక్కడొక దుకాణం పెట్టండి" అని వచ్చిన ప్రతి వాళ్లూ అనేవారు. నాన్నగారు వాళ్ల మాట నమ్మారు. నేనూ నమ్మాను, నేనే తొందరపెట్టాను. కరీంనగర్‌లో గది తీసుకున్నాం. పద్నాలుగు నెలలకు మూసేశాం. పేర్చినవి పేర్చినట్లే ఉన్న జంపఖానాలను తిరిగి లారీలోకి ఎక్కిస్తుంటే నాన్నగారు ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆ మౌనం నాకిప్పటికీ గుర్తే. చాలా కాలానికి గానీ కారణం అర్థం కాలేదు. ఆ కుటుంబాలు వరంగల్‌కు జంపఖానాల కోసం రాలేదు. పెళ్లి బట్టల కోసం, బంగారం కోసం, భద్రకాళి దర్శనం కోసం వచ్చేవారు. తిరిగి వెళ్లేటప్పుడు దారిలో ఉన్న మా దుకాణంలో జంపఖానాలు కొనేవారు. వాళ్ల కొనుగోలు ఆ ప్రయాణంలో ఒక భాగం. సరుకును వాళ్ల ఊరికి తీసుకెళ్లాం గానీ ఆ ప్రయాణాన్ని తీసుకెళ్లలేకపోయాం.

మీ పుస్తకంలో నేను మొదట వెతికింది అదే. పోయిన ఏడాది మొత్తం 186 పేర్లున్నాయి. అందులో 61 మందిది హైదరాబాద్ చిరునామా. ఆ 61 మంది కొన్న తేదీలు పక్కన రాసుకుంటూ పోయాను. 46 మంది కొన్నది బతుకమ్మ, దసరా రోజుల్లో, సంక్రాంతికి, పిల్లల వేసవి సెలవుల్లో. అంటే సొంత ఊరికి వచ్చి, తిరిగి వెళ్లేటప్పుడు మీ ఇంటి గుమ్మం ముందు కారు ఆపి డబ్బాలు పెట్టించుకున్నవాళ్లు. ఊరి నుంచి తీసుకెళ్తున్నామన్న తృప్తి కూడా వాళ్లు ఆ డబ్బాలో పెట్టుకుని వెళ్తున్నారు. అదే డబ్బా కూకట్‌పల్లిలో నాలుగు పచ్చళ్ల దుకాణాల మధ్య కనిపిస్తే వాళ్లు అంతే మక్కువతో కొంటారా? కొనవచ్చు, కొనకపోవచ్చు. ఏదైనా అడిగి తెలుసుకునేదే తప్ప ఊహించుకునేది కాదు.

లేబుల్ సంగతి. కొత్త లేబుల్ వల్ల అమ్మకాలు పెరిగాయని రాశారు. మీ పుస్తకం ప్రకారం 2023 ఫిబ్రవరిలో 38 కిలోలు, లేబుల్ మారాక 2024 ఫిబ్రవరిలో 71 కిలోలు. చూడగానే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ 2024 ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు మేడారం జాతర జరిగింది. రెండేళ్లకోసారి వచ్చే సమ్మక్క సారలమ్మల జాతరకు రాష్ట్రం నలుమూలల నుంచి వచ్చే జనంలో ఎంతోమంది హనుమకొండ మీదుగా వెళ్తారు. చుట్టాల ఇళ్లలో ఆగుతారు. మీ పుస్తకంలో ఆ నెల కొన్నవాళ్లలో కొత్త పేర్లే ఎక్కువ. 2025 ఫిబ్రవరిలో పెద్ద జాతర లేదు, లేబుల్ మాత్రం అదే. ఆ నెల అమ్మకం 41 కిలోలు. లేబుల్ వల్ల అసలు లాభమే లేదని నేననను. మీరు దానికి కట్టిన గొప్ప మాత్రం దానిది కాదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ రేపు కూకట్‌పల్లి దుకాణానికి బోర్డు, రంగులు, డబ్బాల మీద లక్షన్నర పెట్టాలని మీరు వేసిన అంచనా ఈ నమ్మకం మీద నిలబడి ఉంది. రెండు నెలల అమ్మకాలను పోల్చేటప్పుడు ఆ రెండు నెలల్లో ఇంకేమేమి మారాయో పక్కనే రాసుకోండి. పండుగలు, పెళ్లి ముహూర్తాలు, జాతర, ధరలు, వానలు. మన ప్రాంతంలో జాతర ఉన్న ఏడాదిని జాతర లేని ఏడాదితో పోల్చి వ్యాపారం పెరిగిందనో తగ్గిందనో అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇలా ఎందుకు జరుగుతుందో చెప్పే ప్రయోగం ఒకటి ఉంది. 1960లో పీటర్ వాసన్ అనే మనోవైజ్ఞానికుడు కొందరికి 2, 4, 6 అనే మూడు అంకెలు ఇచ్చి, వీటి వెనక ఒక సూత్రం ఉంది, కనుక్కోండి అన్నాడు. వాళ్లు తమకు తోచిన మూడేసి అంకెలు చెప్పవచ్చు. అవి సూత్రానికి సరిపోతాయో లేదో ఆయన చెబుతాడు. చాలామంది "రెండేసి పెరిగే సరి సంఖ్యలు" అని మనసులో అనుకుని 8, 10, 12 అన్నారు. సరే అన్నాడు. 20, 22, 24 అన్నారు. సరే అన్నాడు. ఇక అనుమానమే లేదనుకుని తమ సూత్రం ప్రకటించారు, తప్పారు. అసలు సూత్రం "పెరుగుతూ పోయే ఏ మూడు అంకెలైనా" అన్నదే. 1, 2, 50 అని అడిగి ఉంటే తెలిసిపోయేది. తమ ఊహను పడగొట్టగల ప్రశ్న అడగాలని వాళ్లకు తోచలేదు. మీ 60 మందికి మీరు వేసిన ప్రశ్న 8, 10, 12 లాంటిది. "దుకాణం పెడితే కొంటారా?" అన్న ప్రశ్నకు ఔననడం తేలిక, ఖర్చు లేని పని. "వచ్చే నెల మొదటి ఆదివారం సరుకు మా మరిది ఇంటికి వస్తుంది, కావలసినవాళ్లు ఈ శుక్రవారంలోగా డబ్బు పంపండి" అని అడగండి. అది 1, 2, 50 లాంటి ప్రశ్న. మూడు నెలలు వరుసగా అలా చేయండి. మొదటి నెల మొహమాటం కొద్దీ పంపేవాళ్లుంటారు. మూడో నెల ఎవరు పంపారో, ఎంత పంపారో అదే మీకు కావలసిన అంకె.

అలాగే గది చూసిన వీధిలో ఒక శనివారం, ఒక ఆదివారం, ఒక మామూలు బుధవారం సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది వరకు నిలబడండి. అక్కడున్న పచ్చళ్ల దుకాణంలోకి గంటకు ఎంతమంది వెళ్తున్నారు, చేతిలో సంచితో ఎంతమంది బయటికి వస్తున్నారు, ఆ సంచి పావు కిలోదా, కిలోదా? గీతలు గీసి లెక్కపెట్టండి. మరిదిని పంపకండి, మీరే వెళ్లండి. మీకు రోజుకు 20 కిలోలు కావాలి. ఎప్పటి నుంచో నడుస్తున్న ఆ దుకాణానికే అంత గిరాకీ లేదనుకోండి, మీ ప్రశ్నకు జవాబు 150 కిలోమీటర్ల బస్సు టికెట్టుతో దొరికినట్టే. అదే వీధిలో "అద్దెకు ఇవ్వబడును" బోర్డులు కూడా లెక్కపెట్టండి. పచ్చళ్లతో కోట్లు సంపాదించినవారి వీడియో చూశానని మీ ఉత్తరం చివర రాశారు. మూసేసినవాళ్లు వీడియోలు తీయరు. వాళ్ల జాడ ఆ ఖాళీ గదుల్లోనే ఉంటుంది. వీలైతే ఆ గదుల యజమానులను ఇంతకుముందు ఏ వ్యాపారం ఉండేది, ఎన్నాళ్లు నడిచింది అని అడగండి. చెబుతారు.

హైదరాబాద్‌లో జనం దగ్గర డబ్బుందని రాశారు. నిజమే. కేంద్ర గణాంక శాఖ 2023-24 గృహ వినియోగ సర్వేలో దేశం మొత్తం మీద తలసరి నెల ఖర్చు పల్లెల్లో 4,122 రూపాయలు, పట్టణాల్లో 6,996 రూపాయలు. ఆహారం మీద పెట్టే ఖర్చులో పెద్ద వాటా పానీయాలకు, తయారు చేసి అమ్మే తినుబండారాలకు పోతున్నదని కూడా అదే సర్వే చెప్పింది. వండి అమ్మేవాళ్లకు రోజులు బాగున్నాయన్నంత వరకు ఇది పనికొస్తుంది. ఆ వీధిలో మీ డబ్బా ఎవరు కొంటారో ఏ సర్వే చెప్పదు. ఇలాంటి అంకెలు గాలి ఎటు వీస్తోందో చూసుకోవడానికి ఉంచుకోండి, గది అద్దె వాటి మీద కట్టకండి.

ధర సంగతి మాత్రం ఇంతకంటే శ్రద్ధగా చూడాలి, ఎందుకంటే అది మీ కాళ్ల కింది నేల. మీ లెక్క నాకు నచ్చింది. పది కిలోల కాయకు తొడిమలు తీసి, ఎండబెట్టి, గిర్నీలో పట్టిస్తే ఎనిమిదిన్నర కిలోల కారం వస్తుందని తూచి రాశారు. ఎంతమంది ఇలా తూస్తారు! కాయ కిలో 250కి కొంటే కారం కిలోకు కాయ ఖర్చే 294 అవుతుంది. పట్టించిన కూలి 20, డబ్బా, లేబుల్ 16. మొత్తం 330. అమ్మకం 450. మిగులు 120. మరి కాయ కిలోకు 50 రూపాయలు పెరిగితే? కారం మీద ఖర్చు దాదాపు 59 రూపాయలు పెరుగుతుంది, మిగులు 61కి పడిపోతుంది. సగం పోయింది. అంత మార్పు వస్తుందా అంటారేమో. మిర్చి ధర ఎంత ఊగుతుందో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే ఏ రైతునడిగినా చెబుతాడు. మూడు నాలుగేళ్ల కింద క్వింటాలు 20 వేలు దాటిన తేజ రకం 2025 మొదట్లో ఎంతగా పడిపోయిందంటే, ఆంధ్రప్రదేశ్ రైతుల కోసం కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర నిర్ణయించాల్సి వచ్చింది. రైతుకు అది కన్నీళ్ల ఏడాది. మీలాంటివారికి ఆ ఏడాది మిగులు ఎక్కువ కనిపిస్తుంది, అది మీ నేర్పు వల్లే వచ్చిందని అనిపిస్తుంది కూడా. మీరు వాడేది చపాట, దాని ధర దారి వేరే కావచ్చు. అందుకే చూడమంటున్నాను. ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్ వెబ్‌సైటులో మార్కెట్లవారీగా రోజువారీ కనిష్ఠ, గరిష్ఠ ధరలు, ఎక్కువ సరుకు అమ్ముడైన ధర దొరుకుతాయి. ఐదేళ్ల ఎనుమాముల ధరలు నెలకొకటి చొప్పున గళ్ల కాగితం మీద గీయండి. ఒక ఆదివారం పని. తర్వాత మీ 120ని ఆ ఐదేళ్లలో అతి ఖరీదైన నెల ధరతో మళ్లీ లెక్కకట్టండి. ఆ మిగులుతో గది అద్దె కట్టగలరా అన్నది అప్పుడు చూసుకోవాలి.

ఆ 120లో ఇంకో ఖర్చు దాక్కుని ఉంది. తొడిమలు తీసే కూలి మీ లెక్కలో ఎక్కడా లేదు. ఎందుకంటే తీసేది మీరూ, మీ అత్తగారూ. నెలకు 600 కిలోల సరుకులో సగం కారమనుకున్నా 350 కిలోల కాయకు తొడిమలు తీయాలి. మండే చేతులతో, తుమ్ములతో, కొంగు ముఖానికి కట్టుకుని. మీ అత్తగారు వద్దంటున్నారని రాశారు గానీ ఎందుకు వద్దంటున్నారో మీ నాలుగు పేజీల్లో ఒక్క వాక్యం లేదు. నన్ను బాగా బాధపెట్టింది ఇదే. ఈ వ్యాపారం మీ తర్వాత అంత దగ్గరగా చూసినది ఆవిడే. ఒక సాయంత్రం ఆవిడ పక్కన కూర్చుని, ఎదురు చెప్పకుండా, ఆవిడ చెప్పే ప్రతి కారణం కాగితం మీద రాయండి. మీ భర్తను కూడా అడగండి: "ఈ దుకాణం రెండేళ్లలో మూతపడిందనుకోండి, ఎందుకు మూతపడి ఉంటుంది?" ఎటూ తేల్చని మనిషి ఇలా అడిగితే మాట్లాడతాడు. తన మనసులోని భయాన్ని మీ ఆశకు అడ్డు చెప్పినట్టు కాకుండా చెప్పడానికి ఆయనకు దారి దొరుకుతుంది.

ఇక మీ పుస్తకంలో నాకు సంతోషం కలిగించిన పేజీలు. 186 మందిలో 112 మంది ఒక్కసారే కొన్నారు. 47 మంది రెండుసార్లు. 27 మంది మూడు, అంతకంటే ఎక్కువసార్లు. ఆ 27 మందే మీ 540 కిలోల్లో 290 కిలోలు తీసుకున్నారు. వాళ్ల పేర్ల పక్కన మీరు రాసుకున్న చిన్న గుర్తులు చూస్తే నాలుగు పేర్లు ఇళ్లవి కావు. రెండు కర్రీ పాయింట్లు, ఒక వంట మేస్త్రీ, ఒక హాస్టల్ మెస్. ఒక కర్రీ పాయింట్ 36 కిలోలు, రెండోది 30, వంట మేస్త్రీ 24, హాస్టల్ 42. మొత్తం 132 కిలోల కారం. మీరు ఏడాదంతా అమ్మిన 240 కిలోల కారంలో సగం కంటే ఎక్కువ ఈ నాలుగు వంటగదుల్లోకే వెళ్లింది. మీ ఉత్తరంలో వాళ్ల ప్రస్తావనే లేదు. మీ మనసులో మీ వ్యాపారం ఊరికి దూరంగా ఉన్నవాళ్లకు ఇంటి రుచి పంపడం. పుస్తకం మరో వ్యాపారం కూడా చూపిస్తోంది.

ఎందుకు కొంటున్నారు వాళ్లు? నా ఊహ చెబుతాను, మీరు ఊహగానే తీసుకోండి. చపాటకు రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. ఆ ఎర్రటి, టమాటలా కనిపించే కాయకు టమాట మిర్చి అని కూడా పేరుంది. రోజూ వందమందికి వండేవాళ్లకు కూర ఎర్రగా కనిపించాలి, కానీ పిల్లలు, ముసలివాళ్లు కూడా తినగలగాలి. తేజ కారంతో రంగు కోసం చెయ్యి పెంచితే నోరు మండుతుంది. మీ కారం వాళ్ల ఇబ్బంది ఒకటి తీరుస్తూ ఉండవచ్చు. లేదా మీరు మీ వీధి చివరివాళ్లని మొహమాటపడి అప్పు పెట్టడం వల్లే కొంటూ ఉండవచ్చు. రెండో కర్రీ పాయింట్ పేరు పక్కన బాకీ 3,400 అని ఉంది మరి. నలుగురిని చూసి "ఇదే నా దారి" అని ఇప్పుడు ఇటు పరుగెత్తితే, 54 మందిని చూసి అటు పరుగెత్తిన పొరపాటే మళ్లీ చేసినట్లు అవుతుంది. పైగా వాళ్లకు మీరు కిలోకు 50 తగ్గించి ఇస్తున్నారు, మిగులు 70 మాత్రమే.

కాబట్టి దీన్నీ పరీక్ష పెట్టండి. నయీంనగర్, సుబేదారి, కాజీపేట వైపు మీకు పరిచయం లేని 20 కర్రీ పాయింట్లు ఎంచుకోండి. ఉదయం వంట హడావిడి అయ్యాక, పదకొండు దాటాక వెళ్లండి. "మా కారం కొంటారా" అని మొదలుపెట్టకండి. పోయినసారి కారం ఎక్కడ కొన్నారు, ఎంత కొన్నారు, ఎంతకు, అది ఎన్ని రోజులు వచ్చింది, దాంతో ఏదైనా ఇబ్బంది వచ్చిందా అని అడగండి. జరిగిపోయిన సంగతిలో మొహమాటానికి చోటు తక్కువ. ఆ తర్వాత రెండు కిలోలు ఇవ్వండి, డబ్బు తీసుకునే ఇవ్వండి. ఉచితంగా ఇచ్చిన సరుకును అందరూ మెచ్చుకుంటారు. మళ్లీ మీరు ఫోను చేయకూడదు. 45 రోజుల్లో వాళ్లంతట వాళ్లు ఎంతమంది అడిగారో చూడండి. మొదలుపెట్టే ముందే ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, మీ భర్త చేత సంతకం పెట్టించి దేవుడి గదిలో పెట్టండి: ఇంతమంది మళ్లీ అడిగితే ముందుకు వెళ్తాను, ఇంతకంటే తగ్గితే ఆపేస్తాను. నన్నడిగితే ఆరు అంటాను. అంకె మీది, కానీ ముందే రాయాలి. ఫలితం వచ్చాక రాసే అంకె ఎప్పుడూ మన ఆశ వైపే ఒరుగుతుంది. నాన్నగారూ నేనూ కరీంనగర్ గదికి అలాంటి కాగితం రాసుకోలేదు. "ఇంకో పండుగ చూద్దాం, ఇంకో సీజను చూద్దాం" అనుకుంటూ పద్నాలుగు నెలలు అద్దె కట్టాం.

కొత్త లేబుల్ మీద "భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాట" అని వేయించాలనుకుంటున్నారు కదా, ఒక మాట. ఆ గుర్తింపు 2025లో వచ్చింది, మనందరికీ గర్వకారణం. కానీ ఆ గుర్తింపును సరుకు మీద వాడుకోవాలంటే 1999 నాటి చట్టం కింద అధీకృత వినియోగదారుగా నమోదు చేయించుకోవాలి. ముందు ఆ పని చూసుకుని తర్వాత అచ్చు వేయించండి. కాయ ఏ ఊరి రైతు దగ్గర కొన్నారో రాసి పెట్టుకోవడం కూడా ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండి.

14 లక్షలు కదలకుండా ఉండగానే ఈ పరీక్షలన్నీ అయిపోతాయి. బస్సు ఛార్జీలు, 40 కిలోల కారం, మూడు నెలల ఓపిక. అప్పటికి ఆ గది పోతుందని మీ మరిది అంటాడు. పోనివ్వండి. కూకట్‌పల్లిలో గదులకు కొరత లేదు.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు, ఈ సోమవారమే చేయాల్సిన పని ఒకటుంది. ఆ హాస్టల్ మెస్ జనవరి నుంచి జూలై వరకు నెలకు ఆరు కిలోల చొప్పున తీసుకుంది. ఆగస్టు నుంచి పుస్తకంలో దాని పేరు లేదు. మీ కారం అందరికంటే ఎక్కువ కొన్నది వాళ్లు, చెప్పకుండా ఆపేసిందీ వాళ్లే. బాకీ కూడా ఏమీ లేదు. కొత్త పిల్లలు చేరే నెల అది, మెస్ కాంట్రాక్టు మారిందో, కారం తేమ పట్టిందో, ఇంకొకరు తక్కువకు ఇచ్చారో, ఎవరైనా పిల్లవాడు కడుపు మండిందన్నాడో నాకు తెలియదు. చేతిలో డబ్బా లేకుండా వెళ్లండి, లేకపోతే అమ్మడానికి వచ్చారనుకుని మర్యాద మాటలు చెబుతారు. వంటమనిషితో మాట్లాడండి, మేనేజరుతో కాదు. ఏమి చెప్పారో అలాగే రాసి నాకు పంపండి, దాని మీద మళ్లీ మాట్లాడుకుందాం.